గోళీకో చుక్క

"ఇంకోసారి ఆ చక్రం మీద చెయ్యి వేశారంటే నేను ఊరుకోను," అంది అత్తగారు.

మామగారు వినిపించుకోలేదు. హాలు మధ్యలో సైకిలు తలకిందులుగా నిలబడి ఉంది. ముందు చక్రం బిగుసుకుపోయి కదలనంటోంది. ఆయన దాని పక్కన పీట వేసుకుని కూర్చుని, కుడిచెయ్యి జేబులోనే ఉంచుకుని, ఇరుసు వంక అదే పనిగా చూస్తున్నాడు.

గోడవారన కుర్చీలో కోడలు మోకాలికి కట్టుతో కూర్చుని ఉంది. ఆ మధ్యాహ్నం ఆమె కొండ దిగి వస్తుంటే ఈ చక్రమే ఉన్నట్టుండి బిగుసుకుపోయి ఆమెను రోడ్డు మీద పడేసింది. ఊరందరికీ కట్లు కట్టే నర్సు తన మోకాలికి తానే కట్టు కట్టుకుని, సైకిలుని ఈడ్చుకుంటూ ఇల్లు చేరింది. వచ్చిందగ్గర్నుంచీ ఆ మోకాలిని గురించి అడిగినవాళ్ళు తక్కువ, చక్రాన్ని గురించి వాదులాడుకునేవాళ్ళు ఎక్కువ.

"షాపుకి ఇచ్చేద్దాం," అంది కోడలు. "రేపు నేను మళ్ళీ కొండెక్కాలి. పైన పచ్చి బాలింత ఉంది. ఆ సందుల్లోకి ఇంకే బండీ దూరదు."

"షాపుకా?" అన్నాడు భర్త, వినకూడని మాట విన్నట్టు. "ఇంటినిండా పనిముట్లు పెట్టుకుని బయటికిచ్చి బాగుచేయించుకుంటామా? వింటే నలుగురూ నవ్విపోతారు."

ఆ పనిముట్లలో ఏది దేనికి వాడతారో ఈ పెద్దమనిషికి నేటికీ తెలియదు. తండ్రి పెట్టిన గడియారాల కొట్టుకి ఇప్పుడు యజమాని ఇతనే. బ్యాటరీ మార్చడం, బెల్టు తొడగడం వచ్చు. స్ప్రింగున్న గడియారం ఏదొచ్చినా మెల్లిగా ఇంటికి తెచ్చి తండ్రి బల్ల మీద పెట్టేసి తప్పుకుంటాడు. పౌరుషం మాత్రం వంశపారంపర్యంగా బాగానే అబ్బింది.

ఏ వస్తువూ బాగుచేయించడానికి గడప దాటని ఇల్లు అది. ఫ్యాను, కుళాయి, కుట్టుమిషను, చివరికి గొడుగు ఊచ కూడా మామగారి బల్ల మీదికే వెళ్ళేది. కిందటి నెల కోడలి సైకిలు గరగరమంటోందని విని, "ఇలా తే అమ్మా," అని ఆయనే దాన్ని విప్పి పెట్టుకున్నాడు. తిరిగి బిగించాక ఆ సైకిలు ఎంత నిశ్శబ్దంగా నడిచిందంటే, ఎదురొచ్చేవాళ్ళకి వినపడక ఆమె అడుగడుగునా గంట కొట్టుకోవాల్సి వచ్చింది. కొండ దిగుతుంటే గాలి చప్పుడు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ఇది సైకిలేనా అని ఆమెకి అబ్బురంగా ఉండేది. ఆ అబ్బురం ఎన్నాళ్ళో నిలవలేదు. మళ్ళీ గరగర మొదలైంది. చివరికి ఈ వేళ ఇలా అయింది.

"నాకు రాత్రి దాకా టైమివ్వండి," అన్నాడు మామగారు.

"రాత్రి దాకా మీరు చేసేది చూశాంగా పోయినసారి," అంది అత్తగారు. "దాన్ని పెద్దదాని దగ్గరికి పంపించండి. పరాయిదేం కాదు. మీరు కన్నదే."

భర్త కిటికీలోంచి బయటికి చూడ్డం మొదలుపెట్టాడు.

స్కూటర్లొచ్చాక సైకిలు షాపులన్నీ ఒకటొకటిగా మూతపడి, వంతెన అవతలి కొసన ఉన్నది ఒక్కటే మిగిలింది. అది ఈ ఇంటి పెద్దకూతురిది. చిన్నప్పుడు ఆమె తండ్రి కుర్చీ పక్కన పీట మీద కూర్చుని, ఆయన విప్పింది చూస్తూ, ఆయన అడక్కముందే స్క్రూడ్రైవరు అందిస్తూ పెరిగింది. పదిమంది మెచ్చుకునే పనితనం ఆమెకే వచ్చింది. తీరా కొట్టు అప్పగించే వేళకి ఆయన కొడుకు చేతిలో తాళాలు పెట్టాడు. కూతురు నోరెత్తి ఒక్క మాట అనలేదు. పీట మీదనుంచి లేచి, "ఈ బల్ల దగ్గర మళ్ళీ కూర్చోను నాన్నా," అని మాత్రం చెప్పి, వెళ్ళి సైకిలు షాపులో పనికి చేరింది. ఇప్పుడు ఆ షాపు ఆమెదే. అప్పట్నుంచీ మామగారు వంతెన దాటలేదు. ఆమె తల్లిని చూడ్డానికి వచ్చినా, తండ్రి ఇంట్లో లేని వేళ చూసుకుని వస్తుంది.

"సుత్తితో బాదేవాళ్ళ దగ్గరికి నేను విప్పిన వస్తువు వెళ్ళదు," అన్నాడు మామగారు చివరికి.

"అయితే మీ కోడలు మళ్ళీ పడుతుంది. ఈసారి మోకాలితో పోదు," అంది అత్తగారు, వంటింట్లోకి వెళ్ళిపోతూ.

ఆయన ముఖం మాడిపోయింది. కోడలికి అత్తగారి మీద కోపం వచ్చింది, మామగారి మీద జాలి వేసింది. కానీ ఆమె నోరు కట్టేసినది ఈ రెండూ కావు.

ఆయన చెయ్యి వణుకుతోంది. ఆ సంగతి ఇంట్లో ఆమెకొక్కదానికే తెలుసు. నర్సు కళ్ళు ఊరికే ఉండవు కదా. ఈమధ్య ఆయన టీ కప్పు పట్టుకుని పెరట్లోకి వెళ్ళి నిలబడి తాగొస్తున్నాడు, కప్పు సాసర్లో టకటకమనడం ఎవరూ వినకుండా. బడివాళ్ళు తెచ్చి ఇచ్చిన పెద్ద గోడగడియారం ఆయన బల్ల మీద విప్పేసి, గాజుమూత కింద ఎప్పట్నుంచో అలాగే ఉంది. నాన్న తొందరపడి పనిచేసే మనిషి కాదని భర్త గర్వంగా చెప్పుకుంటున్నాడు. ఒకసారి ఆమె ధైర్యం చేసి, "డాక్టరుకి చూపించుకుందామా మామయ్యా," అంది. "దేనికమ్మా?" అన్నాడాయన, ఎంతో మర్యాదగా. ఆ మర్యాద చూసి ఆమె ఇంక ఆ మాటెత్తలేదు.

ఇప్పుడు సైకిలుని షాపుకి పంపడమంటే, ఆ చేతిలో ఇక పని లేదని ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నట్టే. పని లేని మామగారిని ఆమె ఊహించుకోలేకపోయింది. పంపకపోతే, రేపు కొండ దిగేది తనే.

"రేపు ఉదయం దాకా చూద్దాం మామయ్యా," అంది ఆమె.

కొండ మీద బాలింతకి, పొద్దున్నే కాక మధ్యాహ్నానికి వస్తానని ఫోను చేసి చెప్పింది.

* * *

తెల్లవారేసరికి ఆయన చక్రం ముందు కూర్చునే ఉన్నాడు. సైకిలు నుంచి దాన్ని ఎలాగో విడదీశాడు. ఇప్పుడు ఇరుసు కొసనున్న నట్టు విప్పాలి. కోడలు తలుపు దగ్గర ఆగిపోయింది.

ఆయన పానా నట్టుకి తగిలించాడు. అది జారింది. మళ్ళీ తగిలించాడు. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, పెదవులు బిగబట్టి తిప్పాడు. పానా కర్రుమని పక్కకి గీసుకుపోయింది. ఆ చప్పుడుకి ఆయన కళ్ళు మూసుకున్నాడు. బంగారు గడియారం మూత మీద గోటి గీత కూడా పడనివ్వని మనిషి ఆయన.

"పానా అరిగిపోయిందమ్మా," అన్నాడు, వెనక్కి తిరక్కుండానే.

ఆమె వచ్చి పానా చేతిలోకి తీసుకుని చూసింది. దాని అంచులు పదునుగా, కొత్తదానిలా ఉన్నాయి.

"అవును మామయ్యా. బాగా అరిగిపోయింది," అంది.

ఆయన దాన్ని తిరిగి అందుకుని పనిముట్ల పెట్టెలో పెట్టేశాడు.

"నేను వెళ్ళి కొత్తది తెస్తాను. చక్రం కూడా తీసుకెళ్తే కొలత సరిచూసి ఇస్తారు," అంది ఆమె. పానా కొనడానికి చక్రం మోసుకెళ్ళేవాళ్ళని ఆమె ఎక్కడా చూడలేదు. ఆయనా చూసి ఉండడు.

"ఎక్కడ తెస్తావు?"

"వంతెన దగ్గర."

కోడలు చక్రాన్ని చేతిలోకి తీసుకుంది. వద్దంటాడనుకుంది. చేతిలోంచి చక్రం లాక్కుంటాడేమోనని కూడా అనుకుంది. ఆయన లేచి వెళ్ళి, గడియారాలు తుడిచే మెత్తటి తెల్లగుడ్డ తెచ్చి చక్రం మధ్యభాగానికి జాగ్రత్తగా చుట్టాడు. ముడి వేయడం కుదరలేదు. ఆమె చెయ్యి సాయం వేసి ముడి వేసింది.

"దుమ్ము పడకుండా చూడు," అన్నాడు.

* * *

వంతెన దగ్గర షాపులో వదిన చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. కోడలు చక్రంతో కుంటుకుంటూ రావడం చూసి, చేస్తున్న పని ఆపి స్టూలు జరిపింది.

"ముందు కూర్చో మరదలా. మోకాలికేమైంది?"

నిన్నటినుంచి ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు కోడలికి కళ్ళు చెమ్మగిల్లాయి. జరిగిందంతా చెప్పి, "ఒక పానా కావాలి వదినా," అని ముగించింది.

"పానా కోసం చక్రాన్ని మోసుకొచ్చావా?" అంటూ వదిన తెల్లగుడ్డ చూసింది. ముఖంలో నవ్వు ఆగిపోయింది. నల్లటి చేతులతో దాన్ని తాకకుండా, ముందు సబ్బుతో కడుక్కుని వచ్చి, అప్పుడు ముడి విప్పింది.

ఎన్నాళ్ళ అలవాటో, ఆమె పానా తగిలించిందో లేదో నట్టు కదిలింది. బిగుసుకోని వైపు ముందు తెరిచింది. కింద కాగితం పరిచింది. నల్లటి గ్రీజు ముద్ద ఊడిపడుతుందని ఇద్దరూ అనుకున్నారు.

గ్రీజు లేదు. లోపలి గిన్నె కడిగిన వెండిగిన్నెలా మెరుస్తోంది. అందులో ఉక్కు గోళీలు ఒక్క మరక లేకుండా వరసగా కూర్చుని ఉన్నాయి. షాపు చూరులోంచి పడుతున్న ఎండ ఒక్కో గోళీ మీదా చిన్న చుక్కగా వెలుగుతోంది. రోజూ తను తొక్కే సైకిలు లోపల ఇంత శుభ్రమైన చోటొకటి ఉందని కోడలికి తెలియనే తెలియదు.

వదిన ఒక గోళీ తీసి వాసన చూసింది.

"గడియారం నూనె," అంది. "గోళీకో చుక్క వేశాడు. కిరసనాయిలుతో కడిగి, పెట్రోలుతో కడిగి, పుల్లకి గుడ్డ చుట్టి తుడిచి, ఆ తర్వాత గోళీకో చుక్క. గడియారంలో గ్రీజంటే మురికే కదా. మురికి కనపడితే నాన్న ఊరుకోలేడు."

"అది తప్పా వదినా?"

"తప్పే. ఇక్కడ మనిషి బరువు మొయ్యాలి. ఆ చుక్క నాలుగు రోజుల్లో ఆరిపోతుంది. కానీ ఆ నాలుగు రోజులూ ఎలా నడిచిందో చెప్పు."

"చప్పుడే లేదు. గాలిలో వెళ్తున్నట్టుండేది."

"ఉంటుంది," అంది వదిన నెమ్మదిగా. "నేను ఇన్నేళ్ళలో ఏ సైకిలుకీ అంత పని చెయ్యలేదు."

రెండోవైపు తెరిచేసరికి అసలు సంగతి బయటపడింది. నట్టుకీ, గోళీలని అదిమి పట్టే లోపలి బిళ్ళకీ మధ్య ఒక పలచని వాషరు ఉంటుంది. దాని లోపలి అంచున చిన్న పన్ను ఇరుసు గాడిలో దిగి, బిళ్ళ తనంతట తాను తిరిగిపోకుండా పట్టి ఉంచుతుంది. ఈ వాషరుకి ఆ పన్ను విరిగిపోయింది. బిళ్ళ తిరిగి తిరిగి బిగుసుకుని చక్రాన్ని కట్టేసింది.

వదిన ఆ వాషరుని వెలుతురుకి పట్టి చూసింది. అది పసుపుపచ్చగా మెరిసింది.

"ఇది బజారుది కాదు మరదలా. ఇత్తడి. అసలుది అరిగిపోయి ఉంటుంది, పాత గడియారం రేకులోంచి కోశాడు. చూడు, ఆకురాయి గీత ఒక్కటైనా కనపడుతోందా? ఇరుసుకి తొడిగితే వెంట్రుక దూరదు." దాన్ని తొడిగి చూపించింది. నిజంగానే అది ఇరుసుతో పాటే పుట్టినట్టు కూర్చుంది. "ఉక్కు చెయ్యాల్సిన పని ఇత్తడి చేత చేయించాడు. అందుకే విరిగింది. తప్పు చేసినవాళ్ళ సైకిళ్ళే నాకు బతుకుతెరువు. ఇంత అందంగా తప్పు చేసినవాళ్ళని మాత్రం నేను చూడలేదు."

ఆమె నట్టుని వేళ్ళమధ్య తిప్పుతోంది. దాని ఆరు మూలల మీదా గీతలు. ఒకదాని మీద ఒకటి, అడ్డదిడ్డంగా, కొన్ని పాతవి, కొన్ని ఇవాళ్టివి. పానా జారినప్పుడల్లా పడ్డవి.

వదిన ఒక చేత్తో వాషరు, ఒక చేత్తో నట్టు పట్టుకుని ఆ రెంటినీ మార్చి మార్చి చూసింది.

"చెయ్యి ఎప్పట్నుంచి?" అంది వదిన.

కోడలు నేల చూపులు చూసింది. వదిన మళ్ళీ అడగలేదు.

"అయితే ఈ వాషరు," అంది ఆమె, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు, "ఆ చేత్తోనే చేశాడు. మోచెయ్యి బల్లకి ఆనించి, ఊపిరి బిగబట్టి, ఒక్కో గీతా గీసి ఆగి, మళ్ళీ గీసి. ఎన్ని రోజులు కూర్చున్నాడో."

కోడలికి గుర్తొచ్చింది. కిందటి నెల ఆయన తలుపు దగ్గరగా వేసుకుని బల్ల ముందు కూర్చోవడం, భోజనానికి పిలిస్తే రాకపోవడం. ఏం చేస్తున్నారని అత్తగారు అడిగితే, ఏం లేదులే అనడం. తన సైకిలులో ఎవరికీ కనపడని చోట పెట్టే చిన్న రేకుముక్క కోసం ఒక పెద్దాయన వణికే చేతిని ఊపిరితో ఆపి పనిచేశాడు. నిన్న పడ్డందుకు ఆయన మీద ఏ మూలో మిగిలిన చిరాకు కూడా పోయింది.

"పానా దొరికిందా అమ్మా?"

ఇద్దరూ తలెత్తారు. గుమ్మం బయట, మెట్టు కింద మామగారు నిలబడి ఉన్నాడు. కుడిచెయ్యి జేబులో ఉంది. వంతెన మీదుగా నడిచొచ్చినందుకు ఇంకా ఆయాసం తీరలేదు.

"చూస్తున్నాం మామయ్యా," అంది కోడలు.

వదిన ఉక్కు వాషరు ఒకటి, కొత్త గోళీలు తెచ్చి కాగితం మీద పోసింది. గ్రీజు డబ్బా మూత తీసింది. ఆయన డబ్బా వంక ఇబ్బందిగా చూశాడు.

"దానికి దుమ్ము పడుతుంది," అన్నాడు, ఇద్దరిలో ఎవరితోనన్నది తేల్చకుండా.

"పట్టనీ నాన్నా. బయటే పట్టి ఆపేస్తుంది. లోపలికి పోనివ్వదు."

ఆయన ఆలోచించాడు. ఆ ముఖంలో పంతం కరిగి కుతూహలం రావడం కోడలు కళ్ళారా చూసింది. మెట్టెక్కి లోపలికొచ్చాడు.

"ఎంత పెట్టాలి?"

కోడలు ఆ ఇంటికి వచ్చాక ఆయన ఒకరిని పని గురించి అడగడం వినలేదు. వదిన కూడా విని ఉండదు. ఆమె చేతిలోని గుడ్డ ఆగిపోయింది.

"గిన్నె నిండా," అంది. "చుక్కల లెక్కేం లేదు. వేలితో తీసి పూయడమే. గోళీలు వాటంతట అవే అంటుకుని నిలబడతాయి. చెయ్యి వణికినా ఏం కాదు."

మామగారు తల తిప్పి కోడలిని చూశాడు.

"నేను చెప్పలేదు మామయ్యా."

"ఎవరూ చెప్పలేదు నాన్నా. నట్టు చూశాను," అంది వదిన. నట్టుని ఆయన ముందు పెట్టింది.

ఆయన ఆ గీతల వంక చూశాడు. ఆ తర్వాత జేబులోంచి కుడిచెయ్యి తీశాడు. అది పట్టపగలు, ఇద్దరి కళ్ళముందూ, దాని ఇష్టం వచ్చినట్టు వణికింది. ఆయన దాన్ని ఆపే ప్రయత్నం చెయ్యలేదు. వేలు గ్రీజులో ముంచి, గిన్నె చుట్టూ పూశాడు. వంకరటింకరగా పడింది. ఫర్వాలేదు. గోళీ ఒకటి వేశాడు. పడ్డచోటే అంటుకుంది. ఇంకొకటి వేశాడు. కూతురు పక్కన కూర్చుని, ఆయన అడక్కముందే గోళీలు అందిస్తోంది. ఆ అందించడంలో తొందరా లేదు, ఆలస్యమూ లేదు. ఎన్నో ఏళ్ళ కిందట నేర్చుకున్న పద్ధతి ఆ చేతులు మర్చిపోలేదు. కోడలు ఊపిరి తీసుకోవడానికి కూడా జంకుతూ చూసింది. ఆసుపత్రిలో బిడ్డ పుట్టడం ఎన్నిసార్లు చూసినా ఆమెకి ప్రతిసారీ కలిగే విస్మయమే ఇప్పుడు ఈ నూనె మరకల గదిలో కలిగింది.

నట్టు వదినే బిగించింది. చక్రాన్ని ఇరుసు పట్టుకుని పైకెత్తి, "తిప్పు నాన్నా," అంది.

ఆయన తిప్పాడు. ఊచలన్నీ కలిసి పలచటి వెలుగుగా మారిపోయాయి. చప్పుడు లేదు. ముగ్గురూ దాన్నే చూస్తున్నారు. అది ఆగుతుందనిపించలేదు.

"బడివాళ్ళ గడియారం ఒకటి విప్పానమ్మాయీ," అన్నాడు మామగారు, చక్రం మీదనుంచి చూపు తిప్పకుండా. "మూయలేకపోతున్నాను."

వదిన తన నల్లటి వేళ్ళ వంక, ఆయన నల్లటి వేళ్ళ వంక చూసింది.

"నన్నెక్కడ కూర్చోమంటావు నాన్నా?" అంది. "పీట మీదా, కుర్చీలోనా?"

కోడలికి భర్త జేబులోని కొట్టు తాళాలు గుర్తొచ్చాయి. చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. అది ఆగేదాకా మామగారు నోరు విప్పేలా లేడు.